నీళ్ళు ఏ వైపు పొర్లాలి

ఫిబ్రవరి 9

బాబాయ్‌కి,

నమస్కారం పెట్టాలని లేదు. అయినా పెడుతున్నాను, పెంపకం అలాంటిది. ఫోన్ చేస్తే సగంలో "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే. నమూనాలు మీ ఆఫీసుకి తిరిగి వెళ్ళే పెట్టెలో దీన్ని పడేస్తున్నాను. కాగితం నోరు నొక్కడం నీ వల్ల కాదు.

మా క్లబ్బు ఈతకొలనుకి నువ్వు గీసిన డ్రాయింగ్ వచ్చింది. అక్కడ నన్ను టైల్స్ పనిలో పెట్టుకున్న మేస్త్రి దాన్ని సిమెంటు బస్తాల మీద పరిచి, మూలలకి టైల్స్ బరువు పెట్టి, తలకిందులుగా చూసి "బాగుంది" అన్నాడు. నేను తిన్నగా తిప్పి చూశాను. బాగాలేదు.

తూర్పున, లోతు తక్కువ ఉన్న వైపు, గోడ ఎగిరిపోయింది. అక్కడ ఇన్ఫినిటీ అంచు అని రాశావు. అంటే నీళ్ళు అంచు మీదుగా అవతలికి జారి, కింద కాలువలో పడి, మోటారు ఎక్కి మళ్ళీ కొలనులోకి రావడం. నీళ్ళలో ఉన్నవాడికి గట్టు కనపడదు, నీళ్ళు వెళ్ళి ఆకాశంలో కలిసినట్టు ఉంటుంది. కొండ మీద హోటలైతే సరే. సముద్రం పక్కనైతే సరే. మా తూర్పు వైపు ఏముందో నీకు తెలియదా? చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించింది నువ్వే. బస్సుల షెడ్డు గోడ! దాని మీద తారుతో "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అని రాసి ఉంది. మన క్లబ్బు అధ్యక్షుడుగారు మెడదాకా నీళ్ళలో దిగి, అనంతాన్ని చూస్తూ, ఆ అక్షరాలు కూడబలుక్కుంటారన్నమాట.

అది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఇంకోటుంది. ఆ తూర్పు గోడ అమ్మది. ఆవిడ ఆడవాళ్ళకి ఈత నేర్పేది అక్కడే. కొత్తగా వచ్చినవాళ్ళు రెండు చేతులతో ఆ గోడ పట్టుకుని కాళ్ళాడించి, బుడగలు ఊది, తిట్టుకుని, నేర్చుకుంటారు. ఇన్ఫినిటీ అంచుకి పట్టేముంది? ఏటవాలు టైలు, దాని మీద జారే నీళ్ళు, అవతల పల్లం. దాన్ని చూసిన మనిషి ఈత సంగతి దేవుడెరుగు, స్నానం కూడా మానేస్తుంది. మరమ్మతుకని కొలను మూసిన దగ్గర్నుంచి అమ్మ క్లాసు ఆగిపోయింది. తెరిచేసరికి గోడ లేకపోతే క్లాసూ లేదు. నీ బొమ్మలో చెట్లు గీశావు, గొడుగులు గీశావు, కుర్చీలో పడుకున్న సన్నటి మనిషిని గీశావు. మీ వదినని ఎక్కడ గీశావు?

ఉన్నవి మూడు దారులు. పాతది ఒకటి: గోడ నీళ్ళకంటే ఎత్తుగా ఉంటుంది, స్కిమ్మర్ నోళ్ళు అక్కడక్కడ చెత్తని మింగుతాయి. రెండోది నేలమట్టం: నీళ్ళు గట్టుతో సమానంగా ఉండి చుట్టూ కాలువలోకి పొర్లుతాయి, కాలువ మీద జాలీ, గట్టు చివర వేళ్ళకి పట్టు. మూడోది నీ అనంతం. రెండోది గీసి పంపు.

ఇవన్నీ దీనికెలా తెలుసు అనుకుంటున్నావేమో. మీ కంపెనీ కేటలాగు మొత్తం చదివాను. అర్థం కానివి ప్లంబర్ని అడిగాను. అతనికీ తెలియనివి నీళ్ళు పోసి చూశాను.

ఇట్లు,
పళ్ళు నూరుతూ,
నీ అన్నయ్య కూతురు

*

ఫిబ్రవరి 17

చిరంజీవి కందిరీగకు, కుట్టించుకున్న చోట తడుముకుంటూ బాబాయి దీవించి రాయునది.

నీ ఉత్తరం జాలీ ముక్కకి చుట్టుకుని వచ్చింది. మా మేనేజరు అది సరుకు మీద ఫిర్యాదనుకుని నలుగురి ముందు చదవబోయాడు. "నమస్కారం పెట్టాలని లేదు" దాకా వచ్చాక లాక్కున్నాను. కాబట్టి మొదటి మాట: డ్రాయింగుల పెట్టెలో వెళ్ళే ఉత్తరం పదిమంది చేతులు మారుతుంది. మీ వైపు కార్యదర్శిగారు కవర్లని వెలుతురుకి ఎత్తిపట్టుకుని చూసే రకమట. నువ్వు చూసుకుని రాయి. నేనూ చూసుకునే రాస్తున్నాను.

రెండో మాట. ఇన్ఫినిటీ అంచంటే నీకెందుకింత మంట? ఆ అంచు ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకే మట్టంలో ఉండాలి. ఎక్కడైనా గోరంత ఎత్తయితే అక్కడ ఎండిపోతుంది, గోరంత పల్లమైతే నీళ్ళన్నీ అక్కడే పొర్లుతాయి. ఆ పని మేస్త్రి నీ నెత్తిన పెడతాడని భయమా? భయమైతే సిగ్గుపడకు, ఇక్కణ్ణుంచి చెయ్యి తిరిగిన మనిషిని పంపిస్తాను.

మూడో మాట. అంచు చూశావు, షెడ్డు గోడ చూశావు, దాని మీద సాహిత్యం చదివావు. అంచు కింద కాలువ కొలతలు చూశావా? ఉత్త నీళ్ళు పోవడానికి జానెడు చాలు కదా, మూడడుగుల వెడల్పు ఎందుకు పెట్టాడని ఆలోచించావా? నీకు కాలువంటే మురికినీళ్ళు పోయేది, అంతే. నాకు మళ్ళీ రాసేముందు ఇంట్లో అడుగు.

నా కుర్చీని లిఫ్టు పక్కకి మార్చారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో వచ్చారని లేచి నిలబడుతున్నాను. పదోన్నతి అంటే ఇదేనట.

మెడ పట్టేసిన,
బాబాయి

*

మార్చి 1

బాబాయ్‌కి,

నమస్కారం ఈసారి లేదు.

ఇంట్లో అడగాలా? నాకు ఇరవై మూడేళ్ళు. నా తాపీ నేనే కొనుక్కున్నాను, నా రసమట్టం నేనే కొనుక్కున్నాను. నోరు తెరవడానికి అమ్మ అనుమతి చీటీ తెచ్చుకోవాలా? మీ మేనేజరు ముందు నోరు తెరిచేముందు నువ్వు పిన్నిని అడుగుతున్నావా? అడిగే ఉంటావులే.

భయమా? పంపించు నీ చెయ్యి తిరిగిన మనిషిని. చెయ్యి ఎటు తిరిగిందో చూసి, తిన్నగా తిప్పి పంపిస్తాను.

ఇక్కడ జరిగింది విను. నిన్న కమిటీ మొత్తం ఎండిన కొలనులోకి దిగింది. అధ్యక్షుడుగారు నీళ్ళ మట్టంలో కళ్ళుంటే దృశ్యం ఎలా ఉంటుందో చూస్తానన్నారు. ఒక కుర్చీ దింపించారు. కుర్చీ మీద కూర్చుంటే కళ్ళు అందలేదు. నిలబడితే ఎక్కువయ్యాయి. చివరికి కుర్చీ మీద గొంతుక్కూర్చున్నారు, కార్యదర్శి వెనక నుంచి నడుం పట్టుకున్నాడు. అలా తూర్పుకి చూశారు. షెడ్డులో బస్సు కడుగుతున్న డ్రైవరు చెయ్యి ఊపాడు. పాపం, మర్యాదస్తుడు.

"ఆ గోడ కనపడుతోందే?" అన్నారు అధ్యక్షుడుగారు.

"చెట్లు నాటిద్దాం సార్," అన్నాడు కార్యదర్శి.

"ఏ చెట్టు సార్?" అన్నాను నేను. "కొలను తెరిచే రోజుకి రెండంతస్తులు పెరిగేది ఎక్కడ దొరుకుతుందో చెప్తే నేనే వెళ్ళి తెస్తాను."

మేస్త్రి నా కాలు తొక్కాడు. నాకు అప్పటికే ఎక్కేసింది. చెక్క మీద నీ డ్రాయింగ్ ప్రకారం ఏటవాలుగా టైల్స్ అతికించి ఉంచాను, ఆ అంచు ఎంత గొప్పదో చూపిద్దామని. దాన్ని గోడకి బిగించి, నీళ్ళు పోసి, "కొత్తగా ఈత నేర్చుకునేవాళ్ళు ఇక్కడ పట్టుకోవాలి. ఒకసారి పట్టుకుని చూడండి సార్," అన్నాను కార్యదర్శితో. అధ్యక్షుడుగారు చూస్తున్నారు కదా, వెనక్కి తగ్గలేదు. కోటు విప్పి, రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు మడిచి వేలాడాడు. ఎంతసేపు వేలాడాడని అడక్కు, "వేలాడాడు" అని నేను రాసినంతసేపు కూడా కాదు. జారి, కింద ఇసుక తట్టలో కూర్చున్నాడు. అధ్యక్షుడుగారు కుర్చీ మీద నుంచి పడేంత నవ్వారు. పడకుండా పట్టుకోవాల్సినవాడు తట్టలో ఉన్నాడు.

తర్వాత నేలమట్టం గురించి నేను చెప్పాను. విన్నారు. మీ ఆఫీసుకి రాస్తారట. మేస్త్రి మాత్రం నాతో మాట్లాడటం మానేసి, కావలసినవన్నీ వేలితో చూపిస్తున్నాడు. హాయిగా ఉంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు. పని పూర్తయ్యాక చెప్తాను.

ఇట్లు,
భయపడనిది

*

మార్చి 9

చి. కందిరీగకు, యుద్ధంలో ఓడిన బాబాయి దీవెనలు.

మీ కమిటీ ఉత్తరం వచ్చింది. "దృశ్య సంబంధమైన కారణాల వల్ల" ఇన్ఫినిటీ వద్దట. తట్ట సంగతి రాయలేదు.

అడిగినట్టే నాలుగు వైపులా నేలమట్టం గీస్తున్నాను. తూర్పు అంచు పోయింది, దాని కింద కాలువ పోయింది. నీళ్ళు చుట్టూ జాలీ కింద జానెడు కాలువలో పడి, నేల లోపలి ట్యాంకుకి పోతాయి. పట్టు ఉంటుంది, అందం ఉంటుంది, నువ్వు కోరుకున్నవన్నీ ఉంటాయి. జాలీ రంగులు అయిదు పంపిస్తున్నాను. మీవాళ్ళు అంచు కంటే దాని గురించే ఎక్కువసేపు ఆలోచిస్తారు, చూస్తూ ఉండు.

ఇకమీదట మీ ఇద్దరి గొడవలోకి నన్ను లాగకండి. ఒకరు ఒకటంటారు, ఇంకొకరు ఇంకోటంటారు, మధ్యలో రబ్బరు పట్టుకుని చెరుపుకునేది నేను. వదినకి ఏం చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో. నాకు ఆవిడ ముఖం చూసే ధైర్యం లేదు.

కొత్త కళ్ళజోడు వచ్చింది. నేను గీసిన పాత గీతలన్నీ వంకరగా కనపడుతున్నాయి. పాత కళ్ళజోడే పెట్టుకుంటున్నాను.

బాబాయి

*

మార్చి 20

బాబాయ్‌కి,

మొదట జాలీ సంగతి. కమిటీ ఒక మధ్యాహ్నమంతా ఆ అయిదు ముక్కల చుట్టూ తిరిగింది. తెలుపు మాసిపోతుంది. నీలం నీళ్ళలో కలిసిపోతుంది. బూడిద రంగు దిగులుగా ఉంది. అధ్యక్షుడుగారు ఒక్కో ముక్కనీ బుగ్గకి ఆనించుకుని, దేనితో తన రంగు బాగా కనపడుతుందని అడిగారు. ఆఖరికి తేనె రంగు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మీ ఇద్దరి గొడవ" అన్నావు. నాకూ మేస్త్రికీ అనుకున్నాను. మాకు గొడవేం లేదే అని కూడా అనుకున్నాను. "వదినకి చెప్పుకో" అన్నావు. శుభవార్త చెప్పడానికి నన్ను ముందు పెడుతున్నావు, పర్వాలేదు, బాబాయికీ మనసుంది అనుకున్నాను. ఇప్పుడు ఆ ఉత్తరం మళ్ళీ చదువుతుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది. ఏ గోడకన్నది వేరే సంగతి.

నిన్న ఇంటికెళ్ళేసరికి అమ్మ బల్ల దగ్గర కూర్చుని ఈత టోపీల చిరుగులు కుడుతోంది. చెప్పులు కూడా విప్పకుండా, "అమ్మా, నీ గోడ నీకు మిగిల్చాను," అన్నాను.

"ఏ గోడ?"

"తూర్పు గోడ. ఇన్ఫినిటీ తీయించేశాను."

అమ్మ సూది ఆగింది. "మరి కాలువ?"

"ఏ కాలువ?"

"దాని కిందది. మూడడుగుల వెడల్పుది."

"అదీ పోయింది. పైన అంచే లేకపోతే కింద కాలువెందుకు?"

అమ్మ సూదిని టోపీకి గుచ్చి పక్కన పెట్టింది. "అది నేనడిగిందే తల్లీ," అంది.

నేను కూర్చున్నాను. కింద చూసుకోలేదు. టోపీల మీద కూర్చున్నాను.

అమ్మ చెప్పింది ఇది. సంతలో బట్టలు కుట్టే ఒకావిడ ఉందట. కొలను మూయకముందు రోజూ వచ్చేదట. బట్టలు మార్చుకుని, టోపీ పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని, నీళ్ళని చూసి, మళ్ళీ బట్టలు మార్చుకుని వెళ్ళిపోయేదట. లోతు తక్కువ వైపు కూడా ఆవిడకి గుండెలదాకా వస్తుంది. అలాంటివాళ్ళు ఆవిడ ఒక్కతే కాదట.

"గోడ పట్టుకునేవాళ్ళకి నేనెలాగైనా నేర్పుకుంటానే," అంది అమ్మ. "గోడదాకా రానివాళ్ళ సంగతేంటి? ఆ కాలువైతే కూర్చుంటే బొడ్డుదాకా నీళ్ళు. అటు చెయ్యి చాపితే గోడ, ఇటు చాపితే గోడ. పైనుంచి వీపు మీద నీళ్ళు జారుతుంటే కితకితలు. భయపడదామన్నా తీరిక ఉండదు. మీ బాబాయి మొదట గీసిన బొమ్మ నాకు చూపించాడు. ఆ కాలువ కాళ్ళు చాపుకునేంత వెడల్పు చెయ్యి, నీకు పుణ్యముంటుంది అన్నాను. చేశాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? ఇంటికొచ్చి తాపీ కింద పెట్టేలోపే నా తరఫున నాలుగు యుద్ధాలు చేసేసి ఉంటావు. ఇంత గట్టి లాయరు దొరికితే కేసేంటో చెప్పుకునే సందు నాకెక్కడిది?"

తిట్టలేదు బాబాయ్. మళ్ళీ సూది తీసుకుంది. తిట్టినా బాగుండేది.

నువ్వైనా తెలుగులో రాయొచ్చు కదా, "అది మీ అమ్మ అడిగింది" అని? నాలుగు మాటలు! ఇంట్లో అడుగు, ఇద్దరి మధ్య, చెప్పుకో... పొడుపు కథలు పంపించావు. పాత డ్రాయింగ్ తిరిగి పంపు. వెంటనే.

కందిరీగ

*

మార్చి 27

చి. కందిరీగకు,

దీవెనలు తర్వాత. ఇది సరుకు బండి డ్రైవరు చేతికిచ్చి పంపిస్తున్నాను, నీ చేతికే ఇస్తాడు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను.

మీ అమ్మ పేరు బయటికి రాకూడదని ఆవిడే షరతు పెట్టింది. క్లాసుకి వేడినీళ్ళ కుళాయి అడిగితే మీ కార్యదర్శి కుళాయి ఇవ్వకపోగా "అభ్యర్థనలు స్వీకరించబడవు" అని బోర్డు పెట్టించాడట. ఈత టీచరు అడిగిందంటే చాలు, వద్దనడమే అతని ఉద్యోగం. కాబట్టి కాలువ కావాలని ఎవరూ అడగలేదు. అధ్యక్షుడుగారికి మేఘాల్లో ఈదుతున్న మనిషి ఫోటోలు చూపించాను. ఆయన అనంతం కావాలన్నారు. అనంతం ఉంటే కింద కాలువ ఉండక తప్పదు. అనంతం ఆయనకి, కాలువ వదినకి. ఆర్నెల్లు కష్టపడి అల్లాను. నువ్వొచ్చి ఒక తట్ట ఇసుకతో కూల్చేశావు.

నువ్వు ఇంట్లో అడిగే ఉంటావని, అమ్మతో పంతం పట్టి గోడే కావాలంటున్నావని అనుకున్నాను. "అమ్మకి ఇంకా చెప్పలేదు" అన్నది కమిటీ సంగతనుకున్నాను. ఇంట్లో ఒక్క మాట అడగని పిల్ల కూడా ఉంటుందని నాకు తోచలేదు.

జాలీ మూడు వైపులకి సరిపడా బయల్దేరింది. తూర్పు వైపుది "రంగు సరిగా రాలేదు" అని ఆపి ఉంచాను. ఎక్కువ రోజులు ఆపలేను. డ్రాయింగ్ మారాలంటే మీ అధ్యక్షుడి నోటి నుంచి రావాలి. వెళ్ళి అడగాల్సింది నువ్వే. మర్యాదగా. ఆ మాటకి అర్థం తెలియకపోతే ఇంట్లో అడుగు.

బాబాయి

*

ఏప్రిల్ 6

బాబాయ్‌కి,

నమస్కారం. ఇది నిజం నమస్కారమే, పాడు చెయ్యకు.

వెళ్ళాను. ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళాను. మేస్త్రి గుర్తుపట్టలేదు.

అధ్యక్షుడుగారి గదిలో గోడ నిండా ఆయనవే ఫోటోలు. రిబ్బను కోస్తూ, మొక్క నాటుతూ, కుర్చీలో కూర్చుని కుర్చీ ప్రారంభిస్తూ. కార్యదర్శి పక్కనే నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఒక చెయ్యి తనంతట తాను వెనక్కి వెళ్ళి నడుం కింద తడుముకుంది.

"ఏమ్మాయ్, ఇంకా ఎవర్ని పడేద్దామని?" అన్నారు అధ్యక్షుడుగారు.

"తూర్పు వైపు ఇన్ఫినిటీ అంచే పెడదాం సార్."

"నువ్వే కదా బస్సుల షెడ్డు కనపడుతుందన్నావు?"

"కళ్ళకి కనపడుతుంది సార్. కెమెరాకి కనపడదు."

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ఫోటోగ్రాఫరు నేలమీద పడుకుని, నీళ్ళకి ఆనించి, కెమెరా పైకెత్తి తీస్తే షెడ్డు మీ భుజాల వెనక్కి పోతుంది, మిగిలేది నీళ్ళు, ఆకాశం, మధ్యలో మీరు అన్నాను. అబద్ధం కాదు. కానీ నా గొంతులోంచి తేనె కారుతుంటే నాకే అసహ్యమేసింది. చూపించమన్నారు. ఎండిన కొలనులోకి మళ్ళీ కుర్చీ దిగింది. ఆయన గొంతుక్కూర్చున్నారు. నేను ఉతికిన బట్టలతో సిమెంటు దుమ్ములో బోర్లా పడుకుని ఆయన ఫోన్‌తో ఫోటో తీశాను. ఆయన ఆ ఫోటోని పెద్దది చేసి, చిన్నది చేసి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకున్నారు. ఫోటోలో ఆయన రెండు గడ్డాలూ ఒకటే అయ్యాయి, నిజంగానే.

"సార్, తేనె రంగు జాలీ..." అన్నాడు కార్యదర్శి.

"మూడు వైపులా ఉంటుందిగా, ఏడవకు," అన్నారు ఆయన. నా వైపు తిరిగి, "మరి ఆరోజు నీదే తొందరపాటని కమిటీ ముందు చెప్తావా?"

చెప్పాను. నిలబడి, చేతులు కట్టుకుని, "నాదే తొందరపాటు, ఇన్ఫినిటీ అంచు గొప్పతనం నాకు తెలియలేదు," అన్నాను. మా మేస్త్రి ఆనందంతో దగ్గాడు. ఒక్కో మాటా గొంతులో పలుగురాయిలా గీసుకుంటూ బయటికొచ్చింది. అసలు తొందరపాటు ఏదో వాళ్ళకి తెలియదు, చెప్పాల్సిన మనిషికి ఇంట్లో చెప్పుకున్నాను.

ఇప్పుడు పని మాట. మిగతా మూడు వైపుల కాలువలు కూడా వాలు పెట్టి తూర్పు కాలువలోకే కలుపు. నేల లోపల ట్యాంకు అక్కర్లేదు, అదే ట్యాంకు. దానికి బయటి గోడ కాస్త పైకి లేపు. మోటారు పీల్చే రంధ్రాలు రెండు పెట్టి, వాటిని దూరదూరంగా పెట్టి, వేలు దూరని మూతలు వెయ్యి. అక్కడ కూర్చునేది చెత్త కాదు, జుట్టున్న మనుషులు. అంచు టైల్స్ నేనే పరుస్తాను. మనిషిని పంపించకు.

కందిరీగ

*

జూన్ 14

బాబాయ్‌కి,

నువ్వు ప్రారంభానికి రాలేదు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు లేచి నిలబడటానికి ఎవరో ఒకరుండాలి, అర్థం చేసుకున్నాను.

ముందు అంచు సంగతి. గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసి, రసమట్టం పెట్టి చూసి, కన్ను ఆనించి చూసి పరిచాను. కొలను నింపిన రోజు నీళ్ళు అంచు మీదికి వచ్చి ఒక్కసారిగా దుప్పటిలా అవతలికి జారాయి. ఉత్తరం మూల అరచేతి మేర మాత్రం ఎండిపోయి ఉంది. మేస్త్రి దాన్ని వేలితో చూపించాడు. రాయి పెట్టి అరగదీశాను. జారాయి.

నిన్న ప్రారంభం. అధ్యక్షుడుగారు నిక్కరుతో వచ్చారు. ఫోటోగ్రాఫరు గట్టు మీద బోర్లా పడుకున్నాడు. ఆయన నీళ్ళలో దిగి, అంచుకి వీపు ఆనించి, చేతులు రెండు వైపులా చాపి, అనంతానికి యజమానిలా నిలబడ్డారు. అతిథులందరూ దిగారు. అంతమంది దిగేసరికి కొలను ఉబ్బి, నాలుగు వైపులా బుడబుడమని పొర్లింది.

"సార్," అన్నాడు ఫోటోగ్రాఫరు, "మీ వెనకాల టోపీలు కనపడుతున్నాయి."

ఆయన వెనక్కి తిరిగారు. నీళ్ళు ఆకాశంలో కలవాల్సిన చోట వరసగా రబ్బరు టోపీలు. ఎరుపు, పసుపు, పాతది ఒకటి కుట్లతో. కిందనుంచి నవ్వులు. అమ్మ తన క్లాసుని వెనక గేటు నుంచి తెచ్చి కాలువలో కూర్చోబెట్టింది. ఎవర్నీ అడగలేదు. అభ్యర్థనలు స్వీకరించబడవు కదా.

కార్యదర్శి మెట్లు దిగి అటు పరిగెత్తాడు, నేనూ వెనకే వెళ్ళాను.

"ఏంటిది? ఇది డ్రైనేజీ కాలువ! ఇందులో మనుషులు కూర్చుంటారా?"

"కూర్చున్నారుగా," అంది అమ్మ. తను వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద ఉంది.

"లేవమనండి!"

"మీరు లేపండి చూద్దాం. ఈవిడ కూర్చోవడానికే రెండేళ్ళు పట్టింది."

ఈవిడ అంటే ఆ కుట్టుపని ఆవిడ. సన్నగా, నిటారుగా, రెండు చేతులతో రెండు గోడలూ పట్టుకుని కూర్చుంది. వీపు మీద నీళ్ళు జారుతున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది కానీ మూతి మాత్రం నవ్వు ఆపుకుంటోంది.

కార్యదర్శి చుట్టూ చూసి, మోటారు గది దగ్గరున్న ప్లంబర్ని చూసి కేకేశాడు. "మోటారు ఆపెయ్! నీళ్ళు రాకపోతే కాలువ ఎండిపోతుంది, వాళ్ళే లేస్తారు!"

ప్లంబరు నా వైపు చూశాడు. మోటారు ఆగితే ఆ కాలువ ఏమవుతుందో అతనికి తెలుసు, నాకు తెలుసు, నీకు తెలుసు. కార్యదర్శికి చెప్పొచ్చు. నేను చెప్పలేదు. "సార్ చెప్పారుగా, ఆపు," అన్నాను.

ఆపాడు.

పైన అంచు మీద దుప్పటి పలచబడి, చిరిగి, ఆగిపోయింది. నీళ్ళు గోరంత దిగాయి. అనంతం పోయి టైలు గట్టు బయటపడింది, అవతల షెడ్డు, గోడ మీద అక్షరాలు. ఫోటోగ్రాఫరు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఏమైందయ్యా! నీళ్ళేవి?" అని అధ్యక్షుడుగారి అరుపు.

కింద మాత్రం నీళ్ళు పెరుగుతున్నాయి. మూడు కాలువల్లో ఉన్నదీ, అంచు మీద ఉన్నదీ, అతిథులు ఎగిరెగిరి చిందించిందీ అంతా వచ్చి ఇందులోనే పడుతోంది. పీల్చుకునేవాడు లేడు. బొడ్డుదాకా ఉన్నవి పొట్ట పైకి, అక్కణ్ణుంచి గుండెలదాకా వచ్చాయి. ఒకామె కెవ్వుమని, మరుక్షణం పకపకా నవ్వింది. కార్యదర్శి బూట్లు తడిశాయి. అతను కాలువ వైపు చూస్తున్నాడు, దాని మీద బోర్డు పెట్టాలా వద్దా అన్నట్టు.

కుట్టుపని ఆవిడ కళ్ళు తెరిచింది. కాలువ అడుగున ఉండాల్సిన తన కాళ్ళు ఎదురుగా పైకి తేలుతున్నాయి. ముందు బొటనవేళ్ళు, తర్వాత పాదాలు.

"టీచరుగారూ, నా కాళ్ళు!"

"నీవేలే. ఎక్కడికీ పోవు," అంది అమ్మ. ముట్టుకోలేదు, ఒక్క అడుగు దగ్గరికి జరిగిందంతే. "వాటి మానాన వాటిని వదిలెయ్. మెడ వెనక్కి పెట్టు. ఊపిరి బిగబట్టకు, పాట పాడేటప్పుడు తీసినట్టు తియ్యి."

ఆవిడ మెడ వెనక్కి పెట్టింది. నడుం లేచింది. ఎడమ చేతి వేళ్ళు గోడ మీద నుంచి ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఆవిడ కుడి చెయ్యి తప్ప మనిషంతా నీళ్ళ మీద ఉంది బాబాయ్. నువ్వు గీసిన కాలువలో. నేను తీయించేసిన కాలువలో.

"మోటారు వెయ్యండయ్యా!" పైనుంచి అధ్యక్షుడుగారు, "వెయ్యి, వెయ్యి!" కింద నుంచి కార్యదర్శి.

ప్లంబరు స్విచ్చి మీద చెయ్యి పెట్టి మళ్ళీ నన్నే చూశాడు.

"ఆగు," అన్నాను. "ఆవిడని ఆ రెండో చెయ్యి కూడా వదలనీ."

ఇట్లు,
కందిరీగ